అంచుల్లో హిల్కా

బండి కంటే దాని మాన్యువల్ ఎక్కువ అరిగిపోయింది.
గ్లవ్ బాక్సులోంచి తీసి నా చేతిలో పెడుతూ
"ఇదీ బండితో పాటే" అన్నాడు వైనో.
ఇంకేదో అనబోయి, టైర్ల సంగతి ఎత్తాడు.

థండర్ బేలో జనవరి. మైనస్ ఇరవై ఎనిమిది.
సరస్సు మీంచి వచ్చే గాలికి
మాటలు పెదాల దగ్గరే గడ్డకట్టే పొద్దు.
ఏడుగురు పట్టే మినీవ్యాన్, పదమూడేళ్లది,
కుడి తలుపు కింద తుప్పు.
బేరమాడాలని వెళ్లాను, ఆడలేదు.

పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద తెరిచాను.
ప్రతి పేజీ అంచునా పెన్సిల్ రాత, చీమల బారు.
హిల్కాది. వైనో భార్య. మొన్న ఆకులు రాలే కాలంలో పోయింది.
ఊళ్లో అందరికీ తెలుసు,
ఇల్లు చెదిరిన పిల్లల్ని ఆఫీసు వాళ్లు తెచ్చి దించితే
వారానికో, మూడేళ్లకో, సాకి పంపిన మనిషి.

*తలుపు దానంతటదే మూసుకుంటుంది. అడ్డొస్తే ఆగుతుందని రాశారు.
ఆగింది, కోరీ వేలు నలిగాక.*

*మూడో వరస నడిమి బెల్టు కప్పులోంచి దిగుతుంది.
రెండు క్లిక్కులు. ఒకటి విని సరిపెట్టుకోకు.*

*ముందు సీటుకి ఎయిర్‌బ్యాగ్ ఉంది.
వెనక్కి తిరిగి కూర్చునే పసిదాని సీటు అక్కడ పెట్టకు,
అది ఎంత ఏడ్చినా. నువ్వెంత ఏడ్చినా.*

*సీటు వెనక పైపట్టీ. అందరూ మరిచేది ఇదే.
నేనూ మరిచాను, నాలుగు నెలలు.*

ఒక పేజీకి మాత్రం టేపు అంటించి ఉంది,
చాలాసార్లు తెరిచినట్టు.

*పదిహేడో హైవే, నిపిగాన్ దాటాక. దుప్పి.
డార్లాకి ఏం కాలేదు. రెండు భుజాల మీదా నల్లటి గీతలు,
పట్టీలు ఎక్కడున్నాయో అక్కడే. పదిరోజులు కనిపించాయి.
బండికి కొత్త బెల్టులు వేయించాం.
నీలం సీటు చూడ్డానికి బాగానే ఉంది. అయినా పారేశాం.
వీధిలోంచి ఎవరైనా ఏరుకుంటారేమోనని
పట్టీలు కత్తెరతో ముక్కలు చేశాను.
సీటుకి నొప్పేస్తుందని డార్లా ఏడ్చింది.*

టీ చల్లారిపోయింది.
డార్లాకిప్పుడు ఎన్నేళ్లో లెక్కేస్తూ కూర్చున్నాను.

పొద్దున రెంజోకి కోటు విప్పాను.
చంపేస్తున్నట్టు అరిచాడు, పక్కింటి కర్టెన్ కదిలింది.
*బొంత కోటు మీద బిగిస్తే
బిగిసేది కోటు, బిడ్డ కాదు.*
బిగించాను. రెండు వేళ్లతో గిల్లి చూశాను,
పట్టీ మడత పడలేదు.
కోటు తిరగేసి ముందు నుంచి కప్పాను,
చేతులు చేతుల్లోకి దూర్చి.
పెంగ్విన్‌లా ఉన్నానన్నాడు, ఏడుపు మరిచి.
ఇల్డా వెనక్కి తిరిగి నిద్రపోతోంది.
ఒరియెట్టాకి ఎనిమిదేళ్లు, బూస్టర్ సీటంటే పరువు తక్కువ.
"నడుం పట్టీ తొడల మీద ఉండాలి, పొట్ట మీద కాదు" అన్నాను.
గొంతు నాదే, మాట నాది కాదు.

వైనో ఇంటి ముందు మంచు తోడుతున్నాడు.
బండిని చూడలేదు, నన్నూ చూడలేదు.
వెనక అద్దాల్లో తలలు లెక్కపెట్టాడు.
తర్వాత పార ఎత్తాడు, చెయ్యెత్తినట్టు.

దుకాణం నుంచి వస్తుంటే గంట మోగడం మొదలైంది.
టింగ్ టింగ్ టింగ్.
అందరివీ మళ్లీ చూశాను, నాదీ చూసుకున్నాను.
ఆగదు.
ముందు సీట్లో బంగాళాదుంపల బస్తా, పది కిలోలు.
పిల్లలు పడీపడీ నవ్వుతుంటే
దానికి బెల్టు పెట్టాను.

రాత్రి మాన్యువల్లో ఖాళీ అంచు వెతికాను.
దొరకడం కష్టమే అయింది.
మొద్దు పెన్సిల్‌తో, ఆమె అక్షరాల కింద వంకరగా:

*దుంపల్ని కూడా మనిషే అనుకుంటుంది.
అనుకోనీ.*